పాత కారు కొన్నవారు బీమాను తమ పేరుకు మార్చుకోవడం: దరఖాస్తు విధానం

ఇప్పటికే మరొకరి పేరున రిజిస్టరైన కారును మన దేశంలో కొన్నవారు రెండు చోట్ల దరఖాస్తు చేసుకోవాలి. మొదటిది రవాణా శాఖకు, రెండోది బీమా కంపెనీకి. ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) తమ పేరున వస్తే పని పూర్తయినట్టేనని భావించి రెండో దరఖాస్తును వదిలేసేవారు ఎందరో ఉన్నారు. ప్రమాదం జరిగిన రోజున పెద్ద నష్టం కలిగించేది ఆ పొరపాటే కాబట్టి ఇక్కడ దాన్నే వివరంగా చెబుతున్నాం.

1988 మోటారు వాహనాల చట్టంలోని 146వ సెక్షన్ ప్రకారం, కనీసం థర్డ్ పార్టీ బీమా (మన వాహనం వల్ల ఇతరులకు జరిగే నష్టాన్ని భరించేది) లేకుండా ఏ వాహనాన్నీ బహిరంగ స్థలంలో నడపరాదు. ఉల్లంఘిస్తే 196వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 రూపాయల జరిమానా గానీ, మూడు నెలల వరకు జైలుశిక్ష గానీ, రెండూ గానీ పడవచ్చు. మళ్లీ పట్టుబడితే జరిమానా 4,000 రూపాయలు.

డబ్బు చేతులు మారకముందే అమ్మేవారి దగ్గర బీమా పత్రం తీసుకుని, అందులోని ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, యజమాని పేరు ఆర్‌సీలో ఉన్నవాటితో అక్షరం పొల్లుపోకుండా సరిపోతున్నాయో లేదో చూడాలి. గడువు ఎప్పుడు ముగుస్తుందో, అది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమేనా లేక సొంత కారుకు జరిగే నష్టాన్ని కూడా భరించే ప్యాకేజీ పాలసీనా అన్నది కూడా గమనించాలి. కారుకు తర్వాత గ్యాస్ కిట్ అమర్చి ఉంటే ఆ వివరం ఆర్‌సీలోనూ పాలసీలోనూ నమోదై ఉండాలి. బీమా గడువు ముగిసిపోయి ఉంటే కొత్త పాలసీ తీసుకున్న తర్వాతే కారును రోడ్డెక్కించాలి. ప్యాకేజీ పాలసీ కోరితే కంపెనీ ముందుగా కారును తనిఖీ చేయిస్తుంది.

రవాణా శాఖకు ఇచ్చే దరఖాస్తులో ఫారం 29 (యాజమాన్యం మారినట్టు తెలిపేది), ఫారం 30 (పేరు మార్పు కోరేది) ముఖ్యమైనవి. వీటితోపాటు అసలు ఆర్‌సీ, అమల్లో ఉన్న బీమా పత్రం, కాలుష్య ధ్రువపత్రం, కొనేవారి చిరునామా రుజువు జతచేసి నిర్ణీత రుసుము చెల్లించాలి. కారు మీద రుణం ఉండి తీరిపోతే ఆర్‌సీలోని రుణ నమోదు తొలగింపుకు ఫారం 35ను రుణమిచ్చిన సంస్థ సంతకంతో ఇవ్వాలి. వేరే రాష్ట్రంలో రిజిస్టరైన కారయితే అక్కడి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కావాలి, దానికి ఫారం 28. అదే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లోగా, కొన్నవారు 30 రోజుల్లోగా అధికారులకు తెలియజేయాలని 50వ సెక్షన్ చెబుతోంది.

ఇక బీమా కంపెనీ విషయం. కారు అమ్మిన నాటి నుంచి బీమా పత్రం, పాలసీ కొన్నవారి పేరుకు మారినట్టే భావించాలని, అయితే కొన్నవారు 14 రోజుల్లోగా పేరు మార్పు కోసం కంపెనీకి దరఖాస్తు చేయాలని 157వ సెక్షన్ అంటోంది. ఇలా చట్టం తనంతట తానే బదిలీ చేసేది థర్డ్ పార్టీ బాధ్యతను మాత్రమే. మీ కారుకు జరిగిన నష్టానికి పరిహారం కోరాలంటే పాలసీ మీ పేరున మారి ఉండాలి. యజమాని-డ్రైవరుకు ఉండే వ్యక్తిగత ప్రమాద బీమా కూడా అంతే. అందువల్ల కొత్త ఆర్‌సీ చేతికొచ్చే దాకా ఆగడం సరికాదు. ఫారం 29, 30 నకళ్లు, రవాణా శాఖ ఇచ్చిన రసీదు, అమ్మకం రుజువు, పాత బీమా పత్రం, కొత్తగా నింపి సంతకం చేసిన ప్రపోజల్ ఫారం (బీమా కోరుతూ కంపెనీకి ఇచ్చే దరఖాస్తు) జతచేసి, వెంటనే దరఖాస్తు ఇచ్చి, అందినట్టు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆర్‌సీ వచ్చాక దాని నకలు పంపవచ్చు.

నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మనిషికి చెందుతుంది, కారుకు కాదు. అమ్మినవారికి దక్కిన తగ్గింపు కొన్నవారికి రాదు కాబట్టి, మిగిలిన గడువుకు ఆ తేడాను కంపెనీ వసూలు చేస్తుంది. ఇది అదనపు బాదుడు కాదు, నిబంధన. అమ్మినవారు తమ బోనస్‌కు ధ్రువపత్రం తీసుకుని తర్వాత కొనే కారుకు వాడుకోవచ్చు.

అమ్మినవారికి మరో జాగ్రత్త అవసరం. ఆర్‌సీలో ఎవరి పేరు ఉంటే వారినే యజమానిగా పరిగణించాలని, కారు చేతులు మారినా రికార్డు మారనంతవరకు ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి సంతకం చేసిన ఖాళీ ఫారాలు ఇచ్చేసి ఊరుకోకుండా, పేరు మారిందో లేదో రవాణా సేవల ప్రభుత్వ వెబ్‌సైటు పరివాహన్ పోర్టల్‌లో చూసుకోవాలి.

కంపెనీ నుంచి పేరు మార్పు ఎండార్స్‌మెంట్ (పాలసీలో మార్పును ధ్రువీకరించే పత్రం) అందగానే పేరు, ఛాసిస్ నంబరు, గడువు తేదీ, నామినీ వివరాలు సరిచూసుకోవాలి. తప్పు కనిపిస్తే అప్పుడే రాతపూర్వకంగా సవరణ కోరాలి. తనిఖీలో డిజిలాకర్ లేదా ఎంపరివాహన్‌లోని ఎలక్ట్రానిక్ పత్రాలను చూపినా చెల్లుతాయి.