పెరటి చెట్టుకు ఏ ఉయ్యాల నప్పుతుంది?

పెరట్లో ఉయ్యాల వేద్దామనుకున్నవారు తరచుగా ముందు ఉయ్యాలను కొని, ఆ తరువాత దానిని ఏ కొమ్మకు కట్టాలా అని చెట్టు వైపు చూస్తారు. నిజానికి ఈ వరుస తిరగబడి ఉండాలి. ఏ రకం ఉయ్యాల పనికివస్తుందో ముందుగా కొమ్మ చెబుతుంది, తరువాత చెట్టు చుట్టూ ఉన్న ఖాళీ చెబుతుంది, ఆపైన ఊగేవారి వయసును చూడాలి. పీట రంగూ నునుపూ చిట్టచివరి సంగతులు.

తాడు కట్టే చోట కొమ్మ కనీసం 20 సెంటీమీటర్ల మందం ఉండాలి. నిచ్చెన మీద నిలబడి మందాన్ని అంచనా వేయడం కష్టం కనుక టేపును కొమ్మ చుట్టూ తిప్పి చూడడం తేలిక. చుట్టుకొలత 63 సెంటీమీటర్లకు తగ్గకపోతే చాలు. అయితే లావు ఒక్కటే బలానికి గుర్తు కాదు. త్వరగా పెరిగే మెత్తని కలప చెట్ల కొమ్మలు చూపుకు లావుగానే ఉండి, ఊపు తగిలేసరికి పుటుక్కున విరుగుతాయి. మునగచెట్టు ఎక్కించడమనే జాతీయం ఊరికే పుట్టలేదు. చెట్టు ఆకులతో నిండుగా ఉన్న కాలంలోనే కొమ్మను ఎంచుకోవడం మంచిది, ఎందుకంటే ఎండుకొమ్మ అప్పుడే బయటపడుతుంది. చెట్టు మొదలు దగ్గర పుట్టగొడుగులు, మానుకు తొర్ర, కొమ్మ పొడవునా పగులు, మానునుంచి కొమ్మ చీలిన చోట లోపలికి ముడుచుకుపోయిన బెరడు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ కొమ్మను వదిలేయాలి. సందేహం తీరకపోతే చెట్ల వైద్యం తెలిసినవారికి చూపించాలి.

కొమ్మ సరైనదని తేలాక దాని వాలును గమనించాలి. నేలకు దాదాపు సమాంతరంగా సాగిన కొమ్మకు రెండు తాళ్ల పలక ఉయ్యాల చక్కగా కుదురుతుంది. అది కొమ్మకు అడ్డంగా, ముందుకూ వెనక్కూ మాత్రమే ఊగుతుంది కనుక మానుకు ఒక మీటరు దూరంలో వేలాడదీసినా మానును తాకదు. కొమ్మ ఏటవాలుగా ఉంటే ఒక తాడు పొట్టిగా, ఇంకొకటి పొడవుగా కట్టవలసి వస్తుంది. అప్పుడు పీట సమంగా ఉన్నట్టే కనిపించినా, ఊపు అందుకోగానే ఒక పక్కకు మెలి తిరుగుతుంది. అటువంటి కొమ్మకు ఒంటితాడు ఉయ్యాలే తగినది. తాడు చివర గుండ్రని చెక్క బిళ్లను గానీ, నిలువుగా టైరును గానీ కడతారు. కానీ ఇది అన్ని దిక్కులకూ తిరుగుతుంది కాబట్టి మానునుంచి ఒక మీటరు చాలదు; ఎంత గట్టిగా ఊగినా మానుకు తగలనంత దూరం కావాలి. అంత దూరంలో కూడా కొమ్మ 20 సెంటీమీటర్ల మందం నిలుపుకొని ఉందా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న, చాలా చెట్లు తప్పిపోయేదీ ఇక్కడే.

ఎత్తైన కొమ్మ దొరికితే మురిసిపోయేవారు ఒక లెక్క చూసుకోవాలి. తాడును నిట్టనిలువు రేఖనుంచి 60 డిగ్రీల కోణం వరకు లాగి వదిలితే, 2 మీటర్ల తాడు మీది మనిషి అడుగుకు వచ్చేసరికి గంటకు సుమారు 16 కిలోమీటర్ల వేగం అందుకుంటాడు. 5 మీటర్ల తాడు మీద అదే ఊపు 25 కిలోమీటర్లు అవుతుంది. పెద్దపిల్లలకు అది సరదా, ఐదేళ్ల పిల్లకు అది భయం. పైగా ఉయ్యాల కట్టిన ఎత్తుకు రెండింతల దూరం ముందూ వెనుకా ఖాళీగా ఉంచాలన్నది ఆటస్థలాల నిర్మాణంలో పాటించే నియమం. అంటే 5 మీటర్ల ఎత్తున కడితే అటు 10, ఇటు 10 మీటర్లు గోడ, బండ, ముళ్లకంప ఏదీ అడ్డు రాకూడదు. ముందుకూ వెనక్కూ మాత్రమే ఊగే రెండు తాళ్ల ఉయ్యాలకైతే పక్కలకు రెండేసి మీటర్లు చాలు. చిన్న పెరడున్నవారికి తక్కువ ఎత్తు కొమ్మ ఒక వరమే.

నాలుగేళ్లలోపు పిల్లలకు నాలుగు వైపులా కట్టు ఉండి, కాళ్లు దూర్చే సందులున్న తొట్టి ఆకారపు పీట తప్ప వేరేదీ వద్దు. అంతకు పెద్దవారికి పలక కంటే మెత్తని పట్టీ పీట క్షేమమని నా అభిప్రాయం. ఖాళీ ఉయ్యాల వెనక్కి వచ్చి మరో బిడ్డ తలకు తగిలినప్పుడు చెక్క అంచు చేసే గాయం చిన్నది కాదు. ఇద్దరు ముగ్గురు కలిసి ఊగాలని పట్టుబట్టే ఇళ్లలో వలతో అల్లిన గుండ్రని గూడు ఉయ్యాల బాగుంటుంది, కాకపోతే దాని బరువంతా కొమ్మ మీదే పడుతుంది. 40 కిలోల పిల్లలిద్దరు 60 డిగ్రీల వరకు ఊగితే అడుగున తాడు మీద పడే లాగుడు 80 కాదు, 160 కిలోలకు సమానం. టైరు వాడేటట్లయితే లోపలి ఉక్కుతీగలు బయటికి పొడుచుకు రాని టైరును ఎంచి, అడుగున రంధ్రాలు చేయాలి. లేదంటే వాననీరు నిలిచి దోమలకు నిలయమవుతుంది.

తాడు విషయంలో పొదుపు పనికిరాదు. నార తాడు చేతికి హాయిగా ఉంటుంది గానీ వానకు లోలోపల కుళ్లుతుంది. నైలాన్ బలమైనదే, కానీ సాగి పీటను నేలకు దించుతుంది. చవకైన పాలీప్రొపిలీన్ ఎండకు పెళుసెక్కుతుంది. పాలియెస్టర్ తక్కువ సాగుతుంది, ఎండను బాగా తట్టుకుంటుంది. ముడి వేసిన చోట ఏ తాడైనా సగం దాకా బలం కోల్పోవచ్చు కనుక, తాడు తెగే బరువులో పదోవంతుకు మించి మోపకూడదు.

కొమ్మ చుట్టూ తాడు బిగించి కట్టడమే చెట్టుకు మేలని చాలామంది నమ్ముతారు. ఫలితం అందుకు విరుద్ధంగా ఉంటుంది. బెరడు కింద కేంబియం అనే పలుచని సజీవ పొర ఉంటుంది. తాడు రాపిడికి అది తెగిపోతే కొమ్మ ఎండిపోతుంది. నిలువుగా రంధ్రం చేసి, తుప్పు పట్టని కొక్కెం బోల్టును ఆరపార దించి, పైన వెడల్పాటి వాషరు, నట్టు బిగిస్తే చెట్టు ఆ గాయాన్ని తనలోనే మూసివేసుకుంటుంది. రంధ్రం చేయడానికి మనసొప్పనివారు వెడల్పాటి పాలియెస్టర్ పట్టీని వాడి, కొమ్మ లావెక్కే కొద్దీ దానిని వదులు చేస్తూ ఉండాలి. ఒంటితాడు ఉయ్యాలకు తాడు మెలిపడకుండా తిరుగుడు కొక్కెం తప్పనిసరి. ఊపుకు తెరుచుకునే ఎస్ ఆకారపు కొక్కేలకు బదులు మరతో మూసుకునేవి వాడాలి.

పీట అడుగు నేలకు కనీసం 30 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. కింద గట్టినేల, పచ్చిక ఉంటే సరిపోదు. కలప పేళ్లను 23 సెంటీమీటర్ల మందాన పరచి, తొక్కుడుకు అణిగిన చోట మళ్లీ నింపుతూ ఉండాలి. అంతా అమర్చాక మొదట పెద్దవారొకరు కూర్చుని, ఊగకుండా, బరువును కొద్దికొద్దిగా మోపుతూ కొమ్మ చప్పుడు వినాలి. కిర్రుమన్నా, పైనుంచి పొట్టు రాలినా వెంటనే దిగి, కొమ్మను మళ్లీ మొదటినుంచి పరిశీలించాలి.