పాత జీపు స్టీరింగ్ బాక్స్: ప్లే, బిగుతు, ఆయిల్ కారడం - కారణాలు, మరమ్మతు

ఇక్కడి వివరాలు 1940ల నాటి విల్లిస్ ఎంబీ సైనిక జీపుకూ, దాని నమూనాలోనే పౌరుల వాడకానికి వచ్చిన తొలి సీజే జీపులకూ అమర్చిన రాస్ స్టీరింగ్ బాక్స్‌కు సంబంధించినవి. ఇందులో స్టీరింగ్ కడ్డీ కింది కొసన మెలికల గాడి ఉన్న కామ్ ఉంటుంది. లివర్ షాఫ్ట్‌కు అమర్చిన శంకు ఆకారపు రెండు పిన్నులు ఆ గాడిలో కూర్చుంటాయి. కామ్ తిరిగినప్పుడు పిన్నులు గాడి వెంట జరుగుతాయి, షాఫ్ట్ తిరుగుతుంది, దాని బయటి కొసనున్న పిట్‌మన్ ఆర్మ్ డ్రాగ్ లింక్‌ను (కదలికను ముందు ఇరుసుకు చేర్చే కడ్డీని) ముందుకూ వెనక్కూ నెడుతుంది. తొలి ల్యాండ్ రోవర్ల బాక్స్‌లో లోపలి అమరిక వేరైనా, లోపం ఎక్కడుందో కనిపెట్టే పద్ధతి, విప్పేటప్పటి జాగ్రత్తలు వాటికీ చాలావరకు వర్తిస్తాయి.

సమస్య: స్టీరింగ్ చాలా దూరం తిరిగినా టైర్లు కదలకపోవడం

అనుమానం వెంటనే బాక్స్ మీదికి పోతుంది గానీ, ఈ బండ్లలో ప్లేలో, అంటే చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఊరికే తిరిగే వదులులో, పెద్ద భాగం తరచుగా బాక్స్ వెలుపలే ఉంటుంది. అందువల్ల ఏదీ విప్పకముందే ఒక పరీక్ష చేయాలి. ఇంజన్ ఆపి, టైర్లు నేల మీదే ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టిన తరువాత, ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడిస్తుండగా మరొకరు కింది నుంచి ఒక్కొక్క కీలునూ వరుసగా చూడాలి: పిట్‌మన్ ఆర్మ్, డ్రాగ్ లింక్ రెండు కొసలు, ముందు ఇరుసు మీది బెల్ క్రాంక్ (డ్రాగ్ లింక్ కదలికను టై రాడ్ల వైపు మళ్లించే మీట), చక్రాలను తిప్పే టై రాడ్ల కొసలు. కదలిక ఎక్కడి దాకా వచ్చి ఎక్కడ ఆగిపోతున్నదో అక్కడే లోపం ఉంటుంది.

స్టీరింగ్ కదిలిన వెంటనే పిట్‌మన్ ఆర్మ్ కూడా కదులుతుంటే బాక్స్ బాగానే ఉన్నట్టు. అప్పుడు ముందుగా చూడవలసింది బెల్ క్రాంక్‌నే, ఎందుకంటే దాని పిన్ను, బేరింగ్ అరిగిపోవడం ఈ జీపుల్లో తరచుగా కనిపించే లోపం. డ్రాగ్ లింక్ కొసల్లో బంతి, స్ప్రింగు, సీట్లు అరిగి ఉంటే మార్చి, ప్లగ్‌ను పూర్తిగా బిగించి కొద్దిగా వెనక్కి తిప్పి, కొత్త స్ప్లిట్ పిన్ వేయాలి.

బాక్స్‌కూ చాసిస్‌కూ మధ్య వేలు ఆనించి చూడడం కూడా మరవకూడదు. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా బాక్స్ మొత్తం కదులుతుంటే, బోల్టులు వదులయ్యాయి లేదా చాసిస్ ఆ చోట చీలింది. చీలికను సరిగా వెల్డింగ్ చేయించి బలపరచకుండా కొత్త బాక్స్ బిగించినా ప్రయోజనం ఉండదు.

నిర్ణీత వేగంలో ముందు చక్రాలు గడగడ వణకడం మాత్రం వేరే సమస్య. దానికి కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు పిన్ను) బేరింగులు, టో-ఇన్ (ముందు చక్రాల ముందంచులు లోపలికి వంగి ఉండే కొద్దిపాటి తేడా), టైర్లు చూడాలి.

సమస్య: మధ్యలో వదులు, చివరల్లో బిగుతు

డ్రాగ్ లింక్‌ను పిట్‌మన్ ఆర్మ్ నుంచి విడదీసి, స్టీరింగ్‌ను ఒక కొస నుంచి మరొక కొసకు నెమ్మదిగా తిప్పి చుట్లు లెక్కపెట్టాలి. కొసల్లో బలంగా కొట్టనివ్వకూడదు, పిన్నులు దెబ్బతింటాయి. మొత్తం చుట్లలో సగం వెనక్కి తిప్పితే సరైన మధ్య స్థానం దొరుకుతుంది. కొత్త బాక్స్‌లో పిన్నులు ఈ మధ్య స్థానంలోనే గాడికి మరింత దగ్గరగా అమరి, చేతికి కొద్దిపాటి బరువు తెలియాలి. బండి ఎక్కువ కాలం తిన్నగానే నడుస్తుంది కాబట్టి గాడి కూడా అక్కడే ముందుగా అరుగుతుంది.

ఆ అరుగుదలను పక్క మూత మీది సర్దుబాటు మరతో పూడ్చబోవడమే అసలు ప్రమాదం. మధ్యలో ప్లే పోయేదాకా మరను బిగిస్తే, అరగని చివరి భాగాల్లో పిన్నులు బిగుసుకుపోతాయి, మలుపు తిరిగిన బండి స్టీరింగ్ దానంతట అది వెనక్కి రాదు. అటువంటి స్థితిలో కామ్‌నూ లివర్ షాఫ్ట్‌నూ కలిపే మార్చాలి. కొత్త పిన్నులు అరిగిన గాడిలో ఎంతో కాలం నిలవవు. గట్టిపరచిన ఆ ఉపరితలం మీద వెల్డింగ్‌తో లోహం నింపే పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకూడదు, ఎందుకంటే వేడికి ఆ గట్టిదనం పోవడమే కాక పగుళ్లకు కూడా అవకాశం ఏర్పడుతుంది.

సమస్య: స్టీరింగ్ బరువుగా ఉండడం

డ్రాగ్ లింక్ విడదీసినప్పుడు స్టీరింగ్ తేలికగా తిరిగితే, బరువుకు కారణం కింగ్ పిన్నులు, గాలి తగ్గిన టైర్లు లేదా గ్రీజు లేని కీళ్లు. అప్పటికీ బరువుగానే ఉంటే ఆయిల్ ఎండిపోయి ఉండవచ్చు, సర్దుబాటు అతిగా బిగించి ఉండవచ్చు, లేదా కాలమ్ వంకరగా లాగబడి ఉండవచ్చు. చివరి కారణాన్ని గుర్తించడం సులువు: డాష్‌బోర్డు కింది బ్రాకెట్ వదులు చేయగానే కాలమ్ పక్కకు జరిగి, స్టీరింగ్ తేలికైతే లోపం అదే.

సమస్య: ఆయిల్ నిలవకపోవడం

పిట్‌మన్ ఆర్మ్ వైపు నుంచి కారితే సీల్ ఒక్కటే మార్చి ఊరుకోకూడదు. ఆర్మ్‌ను పట్టుకొని షాఫ్ట్‌కు అడ్డంగా ఊపి చూస్తే కదలిక తెలిసిందంటే బుష్‌లు (షాఫ్ట్ తిరిగే లోహపు గొట్టాలు) అరిగాయన్నమాట, ఊగే షాఫ్ట్ మీద కొత్త సీల్ ఎక్కువ రోజులు ఆగదు. ఆయిల్ కారుతున్నదని గట్టి గ్రీజు కూరే అలవాటు బాక్స్‌కు చేటు చేస్తుంది: పిన్నులు పక్కకు నెట్టిన గ్రీజు తిరిగి గాడిలోకి రాదు, లోహం పొడిగానే రాసుకుంటుంది.

బాక్స్‌ను దించడం

బ్యాటరీ తీగ విప్పి, బాక్స్ అడుగున హారన్ తీగను విడదీయాలి. స్టీరింగ్ నట్ తీసి స్టీరింగ్ చక్రాన్ని పుల్లర్‌తోనే (లాగే పరికరంతోనే) లాగాలి. పిట్‌మన్ ఆర్మ్ మీదా షాఫ్ట్ కొస మీదా ఎదురెదురుగా గుర్తులు పెట్టిన తరువాత, నట్‌ను పూర్తిగా తీయకుండా కొసకు వదులు చేసి, గట్టి పుల్లర్ బిగించి ఒత్తిడి పెట్టి ఉంచాలి. అప్పుడు కదలకపోతే చొచ్చుకుపోయే నూనె వేసి ఓపిక పట్టాలి గానీ, షాఫ్ట్ కొస మీద సుత్తితో కొట్టకూడదు, ఆ దెబ్బ నేరుగా లోపలి పిన్నులకూ మూతకూ తగులుతుంది. గ్యాస్ మంటతో ఆర్మ్‌ను ఎర్రగా కాల్చడం కూడా తప్పే.

తరువాత డాష్‌బోర్డు బ్రాకెట్, బండి లోపలి నేల మీది పలక, చాసిస్ బోల్టులు తీయాలి. పొడవైన కాలమ్‌తో కలిసి వచ్చే బరువైన వస్తువు ఇది, కాబట్టి చివరి బోల్ట్ తీసేటప్పుడు కింద మరొకరు పట్టుకోవాలి. దారి ఇరుకుగా ఉంటే డ్రైవరు వైపు మడ్‌గార్డ్ విప్పడానికి వెనుకాడవద్దు.

విప్పి చూడడం, తిరిగి కూర్చడం

పక్క మూత తీసి షాఫ్ట్‌ను బయటికి లాగి, పై మూత కింది షిమ్‌లను (సందు సరిచేసే పలుచని రేకులను) ఏ ఒక్కటీ పోకుండా భద్రపరచాలి. బేరింగు బంతులు విడిగా రాలవచ్చు, అందువల్ల కింద పళ్లెం పెట్టుకోవడం మంచిది. డీజిల్‌తో కడిగిన తరువాత పిన్నుల మీద చదునైన మచ్చలు, గాడిలో గుంటలు, బేరింగు కప్పుల్లో గీతలు, షాఫ్ట్ పళ్లలో మెలి ఉన్నాయేమో వెలుతురులో చూడాలి. పళ్లు మెలి తిరిగిన షాఫ్ట్‌ను ఎంత అరుదైనదైనా పక్కన పెట్టాల్సిందే. కొత్త బుష్‌లు ఎక్కించిన తరువాత రెండింటినీ ఒకే వరుసలో రీమర్‌తో (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే పనిముట్టుతో) సరిచేయించాలి.

సర్దుబాటులో క్రమం ముఖ్యం. పక్క మరను పూర్తిగా వదులుగా ఉంచి, ముందు కామ్ నిలువు ప్లేను షిమ్‌లతో సరిచేయాలి: పలుచని షిమ్‌లను ఒక్కొక్కటిగా తీస్తూ, కడ్డీ పైకీ కిందికీ కదలకుండా, అయినా వేళ్లతో సాఫీగా తిరిగే స్థితికి తేవాలి. ఆ తరువాతే పిన్నులను మధ్య స్థానానికి తెచ్చి, అక్కడ కొద్దిపాటి బరువు తెలిసేదాకా పక్క మరను బిగించి లాక్ నట్ వేయాలి. ఒక కొస నుంచి మరొక కొసకు తిప్పినప్పుడు మధ్యలో తప్ప ఎక్కడా పట్టు తెలియకూడదు.

బండికి ఎక్కించేటప్పుడు చాసిస్ బోల్టులనూ డాష్‌బోర్డు బ్రాకెట్‌నూ మొదట వదులుగానే ఉంచి, కాలమ్ తనంతట తాను కుదురుకున్నాక, ముందు చాసిస్ వైపు, తరువాత బ్రాకెట్ వైపు బిగించాలి. పిట్‌మన్ ఆర్మ్‌ను గుర్తులకు సరిగ్గా ఎక్కించి, గేర్ ఆయిల్‌ను గాలి బయటికి పోయేలా నెమ్మదిగా నింపాలి. ముందు చక్రాలు జాక్ మీద, స్టాండ్‌ల ఆధారంతో ఉండగా రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసినప్పుడు, బాక్స్ లోపలి గాడి అంచు తగలకముందే ఇరుసు మీది స్టాప్ బోల్టులు చక్రాలను ఆపాలి. లేకపోతే వాటిని సరిచేసిన తరువాతే బండిని రోడ్డు మీదికి తీయాలి. మొదటి కొద్ది ప్రయాణాల తరువాత చాసిస్ బోల్టులు, పిట్‌మన్ నట్, ఆయిల్ మట్టం మరొకసారి చూడాలి.