జావా మనంతట మనమే – 7వ పాఠం: బండి లేనివాడి బండి నంబరు

పోయిన పాఠంలో మారతహళ్లి పీజీ కోసం గెస్ట్, బండి అని రెండు క్లాసులు రాసుకున్నాం. రాత్రి గేటుకి అడ్డంగా ఉన్న బండి ఏ రూమువాళ్లదో ఓనరు అంకుల్‌కి చెప్పడమే మన ప్రోగ్రామ్ పని. అందులో ఈ ముక్క ఉంది:

గెస్ట్.బండి().నంబరు()

కొందరిని చేర్చి రన్ చేయండి. ఆఫీసు క్యాబులో తిరిగే కుర్రాడి వంతు రాగానే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్ వచ్చి ప్రోగ్రామ్ ఆగిపోతుంది. వాడి తర్వాతున్న వాళ్లెవరూ తెరమీదకి రారు.

వేరియబుల్‌లో ఉండేది ఆబ్జెక్ట్ కాదు, అది ఎక్కడుందో చెప్పే రిఫరెన్స్ అని రెండో పాఠంలో చూశాం. ఆ రిఫరెన్స్ ఏ ఆబ్జెక్ట్‌నీ చూపించకపోతే అది నల్. అసలు లేని ఆబ్జెక్ట్‌ని నంబరు అడిగితే ఎవరు చెబుతారు? జావా 15 నుంచి ఎర్రర్ మెసేజే, బండి() నల్ ఇచ్చింది కాబట్టి నంబరు()ని పిలవలేకపోయానని విడమరిచి చెబుతుంది. అంతకుముందు లైను నంబరు చూసి ఊహించుకోవడమే. ఈ నల్ రిఫరెన్స్‌ని 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషలో పెట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్, అది తాను చేసిన వంద కోట్ల డాలర్ల పొరపాటని 2009లో లండన్‌లో ఒక సభలో చెప్పుకున్నాడు.

అందరికీ ముందు తట్టే మందు ఇఫ్. బండి నల్ అయితే వదిలేసి ముందుకు వెళ్లు, అంతే. ఎర్రర్ పోతుంది. కానీ మన రిజిస్టరులో నల్ ఎందుకు వచ్చింది? వాడికి బండి లేకపోవచ్చు. ఉన్నా నంబరు రాయించి ఉండకపోవచ్చు. గేటుకి అడ్డం పెట్టింది ఆ రెండో రకం వాడే అయ్యుంటే, మన ఇఫ్ సరిగ్గా వాణ్నే వదిలేసింది. ఎక్సెప్షన్ కనీసం గొడవ చేసింది. ఇది చప్పుడు చేయకుండా తప్పు జవాబిచ్చింది. నన్నడిగితే ఇదే ఎక్కువ ప్రమాదం.

జావా 8తో 2014లో ఆప్షనల్ వచ్చింది. లోపల ఒక ఆబ్జెక్ట్ ఉండొచ్చు, ఖాళీగానూ ఉండొచ్చు అనే డబ్బా లాంటిది ఇది. బండి() మెథడ్ ఆప్షనల్<బండి> తిరిగిస్తే, ఇది ఉండకపోవచ్చు అన్న సంగతి రిటర్న్ టైపులోనే కనిపిస్తుంది. ఆ డబ్బాలో ఆబ్జెక్ట్ పెట్టేటప్పుడు, నల్ రావచ్చు అనుకున్నచోట ఆఫ్ కాదు, ఆఫ్‌నల్లబుల్ వాడాలి. ఆఫ్‌కి నల్ ఇస్తే మళ్లీ అదే ఎక్సెప్షన్. లోపల ఉందో లేదో చూడకుండా, దాన్ని బయటికి తీసే గెట్ పిలిచినా ఎక్సెప్షనే, పేరు మాత్రం వేరు. ఖాళీ అయితే బదులుగా ఏమివ్వాలో చెప్పేది ఆర్‌ఎల్స్. ఇంకొకటి చాలామంది గమనించరు: ఆర్‌ఎల్స్ బ్రాకెట్లలో మెథడ్ కాల్ రాస్తే, బండి ఉన్నా సరే ఆ మెథడ్ నడుస్తుంది. డేటాబేస్‌కి వెళ్లొచ్చే పనైతే ఆర్‌ఎల్స్‌గెట్ వాడండి, అందులో రాసింది ఖాళీ అయినప్పుడే నడుస్తుంది. ఆప్షనల్‌ని ఫీల్డుగా పెట్టొద్దు, రిటర్న్ టైపుకే ఉంచండి. లిస్టులకైతే ఇది అక్కర్లేదు, ఖాళీ లిస్టు ఇస్తే చాలు.

అయినా ‘లేదు’, ‘చెప్పలేదు’ అన్నవి ఆప్షనల్‌లోనూ ఒకటిగానే కనిపిస్తాయి. అక్కడ, ఏ మెథడ్లు ఉండాలో చెప్పే, ఐదో పాఠంలోని ఇంటర్‌ఫేస్ పనికొస్తుంది. బండివివరం అని ఒక ఇంటర్‌ఫేస్, దాన్ని అమలు చేసే మూడు క్లాసులు: బండిఉంది, బండిలేదు, బండిచెప్పలేదు. మూడింటిలోనూ గేటుమాట() అనే మెథడ్. మొదటిది నంబరు ఇస్తుంది, రెండోది ‘బండి లేదు’ అంటుంది, మూడోది ‘ఈ రూముకెళ్లి అడగండి’ అంటూ రూము నంబరు ఇస్తుంది. గెస్ట్‌ని చేర్చేటప్పుడే ఈ మూడింటిలో ఒకటి ఇవ్వాలని, ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే కన్‌స్ట్రక్టర్‌లో పట్టుబట్టండి, నల్ ఇస్తే అక్కడే ఆపేయండి. లోపల ఇంకెక్కడా ఇఫ్ రాయనక్కర్లేదు. తెలియని నంబరుకి ‘0000’ మాత్రం పెట్టకండి. ఏదో ఒక రోజు దాన్ని ఎవరో నిజం నంబరనుకుంటారు.

వచ్చే పాఠంలోపు: గెస్ట్ క్లాసులో ఇంటి ఫోన్ నంబరుకీ ఇదే పని చేయండి. దానికి ఎన్ని క్లాసులు కావాలో మీరే తేల్చుకోండి, ఆప్షనల్ ఒక్కటే సరిపోతుందనిపిస్తే ఎందుకో పక్కన కామెంట్‌లో రాయండి. ఎనిమిదో పాఠంలో ఎక్సెప్షన్లని ఎక్కడ పట్టుకోవాలో చూద్దాం.