దాళ్వా కోతల్లో కోనసీమకు సైకిల్ మీద వస్తున్నారా? ముందు ఇది చదవండి

ఏప్రిల్ వచ్చిందంటే హైదరాబాద్ నుంచి, విశాఖ నుంచి స్నేహితుల ఫోన్లు మొదలవుతాయి. "రెండు రోజులు కోనసీమలో తొక్కుదాం, అక్కడంతా చదునేగా" అంటారు. చదునే, కాదనను. గోదావరి డెల్టాలో మీ గేర్లకు పని చెప్పేవి వారధులు తప్ప ఇంకేమీ లేవు. డిసెంబరులో అయితే వెంటనే వచ్చేయమంటాను. ఏప్రిల్, మే నెలల్లో అంటే మాత్రం ముందు కూర్చోబెట్టి కొన్ని సంగతులు చెప్తాను.

ఎండ గురించి తర్వాత మాట్లాడదాం, ముందు ధాన్యం.

దాళ్వా వరి, అంటే రబీ పంట, కోతకొచ్చేది ఈ రోజుల్లోనే. మిషన్‌తో కోసిన ధాన్యంలో తేమ ఎక్కువగా ఉంటుంది. అది 17 శాతానికి దిగితేగాని కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. పాత కళ్లాలు కొన్ని ఇళ్ల స్థలాలయ్యాయి, కొన్ని రొయ్యల చెరువులయ్యాయి. ఇక రైతుకు మిగిలిన చదును జాగా తారు రోడ్డే. అందుకే మైళ్ల కొద్దీ రోడ్డు సగం మేర వడ్లు పరిచి ఉంటాయి. అంచున హద్దుగా రాళ్లో కొబ్బరి మట్టలో పెడతారు. ఆ హద్దు లోపలికి మనం ఎలాగూ పోం. కాలు జారేది హద్దు బయటే. అటూ ఇటూ చెదిరి, బళ్ల టైర్లకు అంటుకుని, రెండు మూడడుగుల దాకా పలచగా గింజలు పడి ఉంటాయి. కారుకు అవి లెక్కే కాదు. మన 25, 28 మిల్లీమీటర్ల సన్న టైర్లకు మాత్రం గోలీలు పరిచినట్టే.

రెండేళ్ల కిందట అమలాపురం నుంచి ఓడలరేవు పోతూ నేను నేర్చుకున్న పాఠమిది. ఎదురుగా ఆటో వస్తోందని కొంచెం పక్కకు వాలి, ముందు బ్రేకు ముట్టుకున్నాను, అంతే. చక్రం నా కింద నుంచి వెళ్లిపోయింది. మోచేయి చెక్కుకుపోయింది. కాలితో ధాన్యం తిరగేస్తున్న పెద్దాయన వచ్చి, ముందు ధాన్యం వంక చూసుకుని, తర్వాత నా వంక చూశాడు. "దెబ్బ గట్టిగా తగల్లేదు కదండీ? గింజల మీద బ్రేకెయ్యకూడదండి బాబూ. వదిలేత్తే అదే పోద్దండి" అన్నాడు. ఇంతకంటే మంచి సలహా నాకింకెవరూ చెప్పలేదు. గింజలు కనపడగానే ముందే వేగం తగ్గించుకోండి. వాటి మీదకు ఎక్కాక హ్యాండిల్ నిటారుగా ఉంచి, పెడలూ బ్రేకూ రెండూ ఆపి, సైకిల్‌ను దాని మానాన పోనివ్వండి. వంపులో ఎదురైతే దిగి నడవండి, నామోషీ ఏం లేదు.

తెల్లవారుజామున ఇంకో గండం ఉంది. రాత్రి ధాన్యాన్ని రాశి పోసి, నల్ల బరకం కప్పి, మీద రాళ్లు పెడతారు. చీకట్లో నల్ల రోడ్డు మీద నల్ల బరకం కనపడదు. ఒక్కోసారి ధాన్యం ఎత్తుకుపోయాక రాళ్లు అక్కడే మిగిలిపోతాయి. వీధి లైట్ల భరోసాతో చిన్న లైటు తెచ్చుకోకండి. ముందు లైటు కనీసం 400 ల్యూమెన్లు ఉండాలి, వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలుగుతూనే ఉండాలి. గడ్డి ట్రాక్టర్ల సంగతి చెప్పనక్కర్లేదు. తొట్టి కంటే గడ్డి వెడల్పు, వెనక లైటు ఉన్నా ఆ గడ్డిలోనే కప్పబడిపోతుంది. వెనకే అంటుకుని తొక్కితే గాలి తగలదని సంబరపడతాం గాని, వాళ్లు చెయ్యి చూపకుండా చేలోకి తిప్పేస్తారు. రాలిన గడ్డి వెనక గేరులో చుట్టుకుంటే వెంటనే ఆగి లాగెయ్యండి. అలాగే తొక్కారంటే గేరును ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క విరుగుతుంది. ఆ ముక్క అమలాపురంలో దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు ఎండ. మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలు దాటితేగాని వడగాలుల లెక్కలోకి తీసుకోని వాతావరణ శాఖ, తీరప్రాంతానికి ఆ హద్దును 37 దగ్గరే పెట్టింది. ఇక్కడి ఉక్కపోతలో చెమట కారుతుందే గాని ఆరదు, ఒళ్లు చల్లబడదు. హైదరాబాద్ ఎండలో మూడు గంటలు తొక్కినవాళ్లు కూడా ఇక్కడ గంటన్నరకే నీరసపడటం చూశాను. కాబట్టి ప్లాన్ కిలోమీటర్లలో వేసుకోకండి, గడియారం చూసి వేసుకోండి. ఐదుకు బయల్దేరి తొమ్మిదికల్లా నీడలో ఉండాలి. రోహిణి కార్తెలో ఎనిమిదికే.

దీనికి గాలి కూడా సాయపడుతుంది. తెల్లవారుజామున గాలి ఉంటే నేల మీద నుంచి సముద్రం వైపు నెమ్మదిగా వీస్తుంది. పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి లోపలికి తిరుగుతుంది. అందుకని పొద్దున్నే తీరం వైపు పోయి, వచ్చేటప్పుడు ఆ గాలిని వీపు మీద వేసుకుని రండి. చాలామంది దీన్ని తలకిందులు చేసి, చివరి పది కిలోమీటర్లు ఎదురుగాలిలో ఏడుస్తారు.

నీళ్లు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా పడతాయి. అయితే ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి తల దిమ్మెక్కుతుంది. "కోనసీమలో కొబ్బరిబోండాలుండగా మాకేంటి" అనుకునేవాళ్లకు ఒక మాట: బోండం నీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం తక్కువ. చెమటలో పోయేదేమో ఎక్కువగా సోడియమే. బోండం తాగండి, పక్కనే ఉప్పేసిన మజ్జిగ కూడా తాగండి. లీటరుకని రాసి ఉన్న ఓఆర్ఎస్ పొట్లం ఒక్కటి లీటరు నీళ్లకు. సీసా అర లీటరుదైతే పొట్లమంతా అందులో కుమ్మరించకండి. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకు ఆరు టీ చెంచాలు చక్కెర, అర టీ చెంచా ఉప్పు. చెంచాలు తలకొట్టి కొలవాలి.

పక్కవాడు జోకులెయ్యడం మానేసి, అడిగినదానికి పొంతన లేని జవాబిస్తున్నాడంటే అది అలసట అనుకోకండి. వడదెబ్బ కావచ్చు. నీడకు చేర్చి, జెర్సీ విప్పి, ఒళ్లంతా నీళ్లు పోసి, విసురుతూ 108కి ఫోన్ చెయ్యండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పొయ్యకండి. ముందు ఒళ్లు చల్లబడాలి, ఆసుపత్రికి బండి ఎక్కించే దాకా నీళ్లు పోస్తూనే ఉండండి.

రోడ్ల విషయానికొస్తే, ఫొటోల్లో అందంగా కనిపించే కాలువ గట్ల రోడ్లకు చాలాచోట్ల పిట్టగోడ ఉండదు. ఎదురుగా బస్సు వస్తే అంచుకు జరగకండి, ముందే ఆగి నిలబడండి. చేపల, రొయ్యల లారీలు కార్చుకుంటూ పోయిన నీటి చారల మీద వాలకండి. రోడ్డు పక్కన కొబ్బరి దింపు జరుగుతుంటే తల పైకెత్తి చూసి, కేకేసి, వాళ్లు సరేనన్నాకే దాటండి. హెల్మెట్ కొబ్బరికాయకు సరిపోదు. యానాం–ఎదుర్లంక, దిండి–చించినాడ వారధుల మీద పక్కగాలి ఒక్కసారిగా తోస్తుంది, అతుకుల దగ్గర సందులుంటాయి, వాటిని ఏటవాలుగా కాకుండా తిన్నగా దాటాలి. సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు (గోదావరి దాటించే రేవు పడవ) ఎక్కేవాళ్లు అది తిరుగుతోందో లేదో ముందురోజే కనుక్కోండి. తడి ఇనుప రేకు మీద క్లీట్ల బూట్లు (పెడల్‌కు బిగుసుకునేవి) నిలవవు, చెప్పులు వేసుకుని ఎక్కండి.

సరుగుడు తోటల పక్క రోడ్ల మీదకు ఇసుక కొట్టుకొస్తుంది, సర్కారు తుమ్మ ముళ్లూ ఉంటాయి. ట్యూబులు రెండు, సొంత పంపు తప్పనిసరి. ఊళ్లలో సైకిల్ షాపులున్నాయి గాని, సన్న వాల్వుకు వాళ్ల పంపు పట్టదు.

మధ్యాహ్నం మూడు దాటాక పడమట మబ్బు కమ్మితే గాలివానే. ఫోన్‌కు పిడుగుల హెచ్చరిక వస్తే తేలిగ్గా తీసుకోకండి. కొబ్బరి, తాటి చెట్ల కింద నిలబడొద్దు, బడో గుడో ఏదో ఒక పక్కా కట్టడంలోకి పోవాలి.

ఇంటికెళ్లాక సైకిల్‌ను మంచినీళ్లతో కడిగి, గొలుసు తుడిచి ఆయిల్ వెయ్యండి. ఉప్పుగాలికి బోల్టులు వారంలోనే ఎర్రబడతాయి. సీటు కింద సంచీ కూడా దులపండి. నేను ఒకసారి మరిచిపోయి, పది రోజుల తర్వాత తెరిస్తే తడి గుడ్డలో వడ్లు మొలకలెత్తి ఉన్నాయి.