స్నోబోర్డింగ్ (పలక మీద నిలబడి మంచువాలున జారే ఆట) పత్రిక మొదటి సంచిక ప్రెస్‌కు వెళ్లేముందు

☐ ఉత్తరార్ధగోళంలో సీజన్‌కు ముందే, అక్టోబర్‌కల్లా సంచిక పాఠకుల చేతికి అందాలంటే ఫొటోలన్నీ కిందటి చలికాలంలోనే తీసి ఉండాలి. మంచు కరిగాక తలుచుకుంటే లాభం లేదు.

☐ ఫొటోగ్రాఫర్‌తో ఒప్పందం రాతపూర్వకంగా చేసుకోండి. స్నేహితుడే కదా అని నోటిమాటతో సరిపెట్టకండి. కవర్‌కా, లోపలి పేజీకా, ఎంత ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు, అన్నీ రాయండి.

☐ మంచు ఫొటోల దగ్గర ఎక్కువ సమయం పెట్టండి. పత్రిక పరువు ఇక్కడే తేలుతుంది. వెలుతురు కొలిచే కెమెరా మీటరు తెల్లటి మంచును బూడిదరంగుకు దించేస్తుంది, నీడలు నీలంగా తేలతాయి. అలాగని మరీ తెల్లగా చేస్తే సిరా పడక ఉత్త కాగితం మిగులుతుంది. స్క్రీన్ మీద చూసి సరే అనకండి. అచ్చువేయబోయే కాగితం మీదే ప్రూఫ్ (నమూనా అచ్చు) తీయించి, బోర్డు వెనక ఎగసిన పొడిమంచు రేణువులు విడివిడిగా కనిపిస్తున్నాయేమో దగ్గరగా చూడండి.

☐ ఫొటోలు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), సీఎంవైకే (అచ్చుకు వాడే నాలుగు సిరాల రంగుల పద్ధతి). చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కత్తిరింపులో పోయే అదనపు అంచు. పిన్ను బైండింగ్‌ అయితే పేజీల సంఖ్య 4తో భాగింపబడాలి. రెండు పేజీల ఫొటోలో రైడర్ మధ్య మడతలో పడకూడదు.

☐ ప్రకటనల మీదే బతకాలనుకోవద్దు. 1987లో మొదలైన ట్రాన్స్‌వరల్డ్ స్నోబోర్డింగ్ అంతటి పత్రికకే 2019లో అచ్చు ఆగిపోయింది. ముందుగా చందాదారులను కూడగట్టుకోండి.

☐ స్కీ రిసార్టు హద్దు దాటి షూటింగ్‌కు వెళ్లే ప్రతి ఒక్కరి దగ్గరా బీకన్ (మంచుచరియల కింద చిక్కినవారి జాడ తెలిపే సిగ్నల్ పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఉండాలి, వాడటం తెలిసి ఉండాలి. ఆ రోజు మంచుచరియల హెచ్చరిక చదవకుండా ఎవరినీ పంపకండి. ఏ ఫొటో అయినా వదులుకోవచ్చు.