సంతకం కాకముందే అడగాలి: వాణిజ్య ఒప్పందాల సమాచారం రాబట్టే పద్ధతి

భారత్-యూఏఈ వాణిజ్య ఒప్పందంపై చర్చలు 88 రోజుల్లో ముగిశాయి. 2022 ఫిబ్రవరి 18న సంతకాలు, మే 1 నుంచి అమలు. దీని పక్కన సమాచార హక్కు చట్టం గడువులు పెట్టి చూడండి. దరఖాస్తుకు జవాబివ్వడానికి అధికారికి 30 రోజులు. జవాబు అందిన రోజే మొదటి అప్పీలు వేసినా, దాన్ని తేల్చడానికి 30 నుంచి 45 రోజులు. అక్కడికే 60 నుంచి 75 రోజులు అయిపోతాయి. ఆ తర్వాత రెండో అప్పీలు కేంద్ర సమాచార కమిషన్‌కు వెళ్తుంది, దాన్ని ఇన్ని రోజుల్లో తేల్చాలన్న గడువు చట్టంలో లేనే లేదు. చర్చలు మొదలైన రోజే దరఖాస్తు పెట్టినవాళ్లకు కూడా కమిషన్ తీర్పు సంతకాల తర్వాతే చేతికొస్తుంది. అందుకే ఇక్కడ ఏం అడగాలన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు అడగాలన్నదీ అంతే ముఖ్యం.

మన దేశంలో ఒప్పందంపై సంతకం చేయడానికి పార్లమెంటు ఆమోదం అక్కర్లేదు. విదేశాలతో ఒప్పందాలు కేంద్ర జాబితాలో 14వ అంశం. వ్యవసాయం రాష్ట్ర జాబితాలో 14వ అంశం. అంకె ఒకటే అయినా అధికారం ఒకటి కాదు: మిరప, పసుపు, పత్తి మీద సుంకం ఎంత తగ్గించాలో ఢిల్లీ ఒక్కటే తేలుస్తుంది, రాష్ట్రాలను అడిగి తీరాలన్న నియమం లేదు. బ్రిటన్‌లో 2010 నాటి చట్టం ప్రకారం ఒప్పందాన్ని పార్లమెంటు ముందు, సభ కూర్చునే రోజుల లెక్కన, 21 రోజులు ఉంచాకే ధ్రువీకరించాలి. మనకు అలాంటి మెట్టు లేదు గనుక ఆ పని పౌరులు, ఎంపీలు, రైతు సంఘాలు కాగితం కాగితం పట్టుకుని చేసుకోవాల్సిందే.

ముందు బయట ఉన్నది ఏరుకోండి

ఒప్పందానికి ఇద్దరు ఉంటారు. మన వైపు తలుపు మూసి ఉంటే అవతలి వైపు చూడండి. ఐరోపా సమాఖ్య, అంటే ఈయూ, భారత్‌తో 2022 జూన్‌లో చర్చలు మళ్లీ మొదలుపెట్టాక తాను ప్రతిపాదించిన అధ్యాయాల పాఠాలను, ఒక్కో విడత చర్చల నివేదికలను తన వెబ్‌సైట్‌లో పెడుతూ వచ్చింది. అవి ఈయూ కోరికలే గానీ తుది పాఠం కాదు. అయినా మందుల పేటెంట్లు, విత్తనాలు, ప్రభుత్వ కొనుగోళ్ల మీద మన అధికారులు ఏ డిమాండ్లకు ఎదురుగా కూర్చున్నారో వాటిలో తెలుస్తుంది. 2025 జూలై 24న భారత్-బ్రిటన్ ఒప్పందంపై సంతకాలైన రోజే బ్రిటన్ ప్రభుత్వం పూర్తి పాఠంతోపాటు ప్రభావ మదింపు నివేదికను కూడా బయటపెట్టింది. మన ఎగుమతులు ఏ రంగంలో పెరుగుతాయని వాళ్లు లెక్కగట్టారో అందులో ఉంటుంది.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు ఇక్కడ నిజంగా సాయపడగలరు. ఈయూ నిబంధన 1049/2001 ప్రకారం సభ్యదేశాల్లో నివసించే ఎవరైనా, పౌరసత్వం లేకపోయినా, ఐరోపా కమిషన్ పత్రాలు అడగొచ్చు. జర్మనీలోనో ఐర్లాండ్‌లోనో ఉన్న మీ బంధువు ఈ దరఖాస్తు పెట్టొచ్చు, జవాబుకు 15 పనిదినాల గడువు. బ్రిటన్ సమాచార స్వేచ్ఛ చట్టానికైతే నివాసం షరతు కూడా లేదు. గుంటూరు నుంచి ఈమెయిల్ పంపినా 20 పనిదినాల్లో జవాబివ్వాలి.

అక్కడా అన్నీ ఇస్తారని అనుకోవద్దు. భారత్-ఈయూ చర్చల పత్రాలను ఐరోపా కమిషన్ పారిశ్రామిక సమాఖ్యలకు ఇచ్చి, అవే పత్రాలను కార్పొరేట్ యూరప్ అబ్జర్వేటరీ అనే పౌర సంస్థకు కొన్ని భాగాలు కొట్టేసి ఇచ్చింది. ఆ సంస్థ కోర్టుకెళ్లి 2013లో ఓడింది, 2015లో అప్పీలులోనూ ఓడింది. వ్యాపార సంఘాలకు చూపించినంత మాత్రాన పత్రం బహిరంగమైపోదన్నది కోర్టు మాట. ఆ పత్రాలు మన రైతుల, మన మందుల కంపెనీల బతుకుల గురించినవి కూడా. వాటిని అవతలి వ్యాపారులు చదివారు, మనం చదవలేదు. ఇది సరికాదని గట్టిగా అనాల్సిందే. అయితే దరఖాస్తులో మాత్రం ఈ వాదన ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

దరఖాస్తు ఎలా రాయాలి

వాణిజ్య శాఖకు ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో పెట్టొచ్చు. రుసుము 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ధ్రువపత్రం జతచేస్తే రుసుము లేదు. కాపీలకు పేజీకి 2 రూపాయలు. పోర్టల్ పెట్టెలో 3000 అక్షరాలే పడతాయి. అంతకు మించితే పీడీఎఫ్ జతచేయండి, కానీ 500 పదాల్లో ముగించడం మేలు. కారణం చెప్పాల్సిన అవసరం లేదని సెక్షన్ 6(2) అంటోంది, చెప్పకండి కూడా. ఢిల్లీకి ఇంగ్లిష్‌లోనో హిందీలోనో రాయండి. రాష్ట్ర కార్యాలయాలకు తెలుగులోనే రాయొచ్చు, అది చట్టం ఇచ్చిన హక్కు.

ఎక్కువ దరఖాస్తులు చెడేది ఇక్కడే: ‘చర్చల్లో ఉన్న ముసాయిదా మొత్తం ఇవ్వండి’ అని అడుగుతారు. దేశ ప్రయోజనాలకు హాని అంటూ సెక్షన్ 8(1)(ఎ) కింద ఒక్క వాక్యంతో తిరస్కరణ వస్తుంది. ఇంకొందరు ‘రైతులకు నష్టమని తెలిసీ ఎందుకు ఒప్పుకున్నారు?’ అని అడుగుతారు. అది ప్రశ్నే గానీ సమాచారం కాదు. అధికారి దగ్గర కాగితంగా ఉన్నదే ఇవ్వాలి, కొత్తగా వివరణ తయారుచేసి ఇవ్వనక్కర్లేదని 2011లో ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

మూసిన గది పాఠం వదిలేసి, గది చుట్టూ పుట్టే కాగితాలు అడగండి. ఇలా:

‘ఈ ఒప్పందంపై 2024 జనవరి 1 నుంచి నేటి వరకు వాణిజ్య శాఖ జరిపిన సంప్రదింపుల సమావేశాల తేదీలు, స్థలాలు, పాల్గొన్న సంస్థల పేర్లు, ప్రతి సమావేశం మినిట్స్ కాపీలు ఇవ్వగలరు.’

‘ఈ ఒప్పందం ప్రభావంపై శాఖ చేయించిన అధ్యయనాల పేర్లు, చేసిన సంస్థ, అప్పగించిన తేదీ, చెల్లించిన మొత్తం, నివేదికల కాపీలు ఇవ్వగలరు.’

‘ఇదే కాలంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల నుంచి వచ్చిన లేఖలు, వాటికి శాఖ ఇచ్చిన జవాబుల కాపీలు ఇవ్వగలరు.’

ఈ మూడూ మూడు వేర్వేరు దరఖాస్తులుగా పెట్టండి. 20 రూపాయలు ఎక్కువ ఖర్చవుతుంది గానీ, ఒకదానిపై పడిన తిరస్కరణ మిగతావాటిని లాక్కుపోదు. వ్యక్తుల పేర్లు కాకుండా సంస్థల పేర్లే అడగండి. వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన 8(1)(జె)ను 2023 డేటా రక్షణ చట్టంతో మార్చాక ఆ మినహాయింపు చాలా వెడల్పయింది. ఈ మూడింటిలో మొదటిదే అన్నిటికన్నా విలువైనదని మా అభిప్రాయం. ఎవరిని పిలిచారో ఆ జాబితా చేతికొస్తే, ఎవరిని పిలవలేదో దానంతట అదే బయటపడుతుంది.

ఉత్తరానికి రెండు కొసలుంటాయి, ఈ సంగతి చాలామంది మరచిపోతారు. వాణిజ్య శాఖ ఇవ్వనన్న లేఖ కాపీ దాన్ని పంపిన చోట కూడా ఉంటుంది. పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం గుంటూరులోనే ఉంది. జాతీయ పసుపు బోర్డును 2025 జనవరిలో నిజామాబాద్‌లో ప్రారంభించారు. పాడి మీద పశుసంవర్ధక శాఖ, పత్తి మీద జౌళి శాఖ అభిప్రాయం రాసి పంపుతాయి. ‘ఈ ఒప్పందంపై మీరు వాణిజ్య శాఖకు పంపిన అభిప్రాయాల కాపీ’ అని వాళ్లనే అడగండి. రాష్ట్ర వ్యవసాయ శాఖను కూడా అడగండి. అసలు ఏ లేఖా రాయలేదని జవాబొస్తే, అదే రైతు సంఘానికి పెద్ద ఆధారం.

తిరస్కరణ వచ్చినప్పుడు

తిరస్కరణ లేఖలో మూడు ఉండాలని సెక్షన్ 7(8) చెబుతుంది: కారణం, అప్పీలు గడువు, అప్పీలు అధికారి వివరం. ‘8(1)(ఎ) కింద ఇవ్వలేం’ అన్న ఒక్క ముక్క కారణం కాదు. మొదటి అప్పీలు 30 రోజుల్లోపు వేయాలి, రుసుము లేదు. అందులో రాయాల్సినవి:

8(1)(ఎ) దేశ ఆర్థిక ప్రయోజనాలకు, విదేశీ సంబంధాలకు హాని అంటుంది. సమావేశం తేదీ, హాజరైన సంస్థ పేరు చెబితే ఏ హాని ఎలా జరుగుతుందో చూపమనండి. ఇవ్వకపోవడం సబబేనని నిరూపించే భారం అధికారిదేనని సెక్షన్ 19(5)లో ఉంది, ఆ అంకె తప్పక ఉటంకించండి.

8(1)(ఎఫ్) విదేశీ ప్రభుత్వం నుంచి నమ్మకంగా అందిన సమాచారానికి సంబంధించింది. మీరడిగింది మన దేశంలో పుట్టిన కాగితమైతే ఇది వర్తించదని రాయండి. 8(1)(డి) వ్యాపార రహస్యాల గురించి. ఫలానా పేరాలో రహస్యముంటే దాన్ని కొట్టేసి మిగతాది ఇవ్వాలి, అందుకు సెక్షన్ 10 ఉంది. మినహాయింపు వర్తించినా ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని 8(2) అంటుంది. ఇక్కడ మీ పంట, మీ జిల్లాలో సాగు విస్తీర్ణం, ఆధారపడిన కుటుంబాలు రాస్తే వాదనకు బలం వస్తుంది.

8(1)(ఐ) మంత్రివర్గ పత్రాలను కాపాడుతుంది, కానీ నిర్ణయం జరిగి వ్యవహారం పూర్తయ్యాక కారణాలు, ఆధారాలు బయటపెట్టాలని అదే నిబంధన చెబుతోంది. కాబట్టి ఒప్పందం అమల్లోకి వచ్చిన మర్నాడు అదే దరఖాస్తు మళ్లీ పెట్టండి. తిరస్కరించారు కదా అని వదిలేయడం ఎక్కువమంది చేసే పొరపాటు.

రెండో అప్పీలుకు 90 రోజుల గడువు. తేదీలన్నీ ఒక కాగితంపై రాసి గోడకు అంటించండి. గడువు దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపాల్సి వస్తుంది.

ఎంపీ ద్వారా

పార్లమెంటు ప్రశ్నకు కనీసం 15 పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అంటే సమావేశాల షెడ్యూలు వెలువడగానే మీ ముసాయిదా ఎంపీ కార్యాలయంలో ఉండాలి. 150 పదాలు దాటకుండా, అభిప్రాయం అడగకుండా, వాస్తవాలు అడిగేలా రాసివ్వండి: చర్చలు ఎన్ని విడతలయ్యాయి, ఏ రాష్ట్రాలను సంప్రదించారు, ఏ పంటలను సుంకం తగ్గింపు వర్తించని జాబితాలో ఉంచారు. నక్షత్ర గుర్తున్న ప్రశ్నకైతే సభలోనే అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. అది లాటరీలో రావాలి కాబట్టి నక్షత్రం లేనిది కూడా పెట్టించండి. పాత జవాబులు పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఉంటాయి. ముందు అవి వెతకండి, ఉన్న జవాబునే మళ్లీ అడిగి ఒక అవకాశం పోగొట్టుకోవద్దు.

2017 జూలైలో ఆర్‌సెప్, అంటే ఆసియా-పసిఫిక్ దేశాల ఉమ్మడి వాణిజ్య ఒప్పందం, చర్చల 19వ విడత హైదరాబాద్‌లోనే జరిగింది. అప్పుడు రైతు, ఆరోగ్య సంఘాలు అదే నగరంలో సదస్సు పెట్టి పాల దిగుమతులు, మందుల ధరల గురించి మాట్లాడాయి. 2019 నవంబర్ 4న బ్యాంకాక్‌లో భారత్ ఆర్‌సెప్‌లో చేరబోమని ప్రకటించింది. అధికారిక పాఠం బయటకు రాని ఆ ఏళ్లలో సంఘాలకు దొరికినవి లీకైన ముసాయిదాలే. లీకు చేతికొస్తే ముందు దానిపై తేదీ చూడండి. చదరపు కుండలీకరణాల్లో ఉన్న మాటలు ఇంకా ఒప్పుకోనివి, పక్కనున్న దేశం పొట్టి పేరు ఆ మాట ఎవరిదో చెబుతుంది. ఒక దేశం అడిగినదాన్ని ‘భారత్ ఒప్పేసుకుంది’ అని ప్రచారం చేస్తే మీ మాట మీదే నమ్మకం పోతుంది.

సంతకమయ్యాక షెడ్యూలు చదవడం

అసలు సంగతి అధ్యాయాల్లో కన్నా అనుబంధంలోని సుంకాల పట్టికలో ఉంటుంది. సరకు పేరుతో కాకుండా, కస్టమ్స్‌లో దానికిచ్చిన అంకెల కోడ్‌తో వెతకండి. ముడి పామాయిల్ 1511 10, పసుపు 0910 30, పత్తి 5201, ఎండుమిర్చి 0904 21, కారం పొడి 0904 22. ఒక చిక్కుంది: 2012లో కోడ్‌లు మారాయి. అంతకుముందు ఎండుమిర్చి, కారం రెండూ 0904 20 కిందే ఉండేవి. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో 2009లో సంతకమైన ఒప్పందంలో 0904 21 అని వెతికి, దొరకలేదు గనుక మిర్చి అందులో లేదని తేల్చేయకండి.

కోడ్ దొరికాక ఆ వరుసలో మూడు చూడాలి: మొదలెట్టిన సుంకం, చివరికి చేరే సుంకం, ఆ ప్రయాణం ఎన్నేళ్లు. ఆసియాన్ ఒప్పందంలో ముడి పామాయిల్ 80 శాతం దగ్గర మొదలై 2019 చివరికి 37.5 శాతానికి, శుద్ధి చేసింది 90 నుంచి 45 శాతానికి దిగాలి. ఖమ్మం, గోదావరి జిల్లాల్లో గెలల ధర ముడినూనె ధరతో ముడిపడి ఉంటుంది కాబట్టి ఈ రెండు అంకెలు నేరుగా తోటలోకొస్తాయి. అయితే ప్రభుత్వం అన్ని దేశాలకూ వర్తించే మామూలు సుంకాన్నే ఇంతకన్నా కింద పెడితే ఒప్పందం అంకె కాగితానికే పరిమితం. నష్టానికి కారణం ఒప్పందమా, బడ్జెట్ నిర్ణయమా అన్నది రెండూ పక్కపక్కన పెట్టాకే చెప్పాలి.

కోటా ఉంటే మీకు తెలిసిన కొలతలోకి మార్చుకోండి. 2022 డిసెంబర్ 29న అమల్లోకి వచ్చిన ఆస్ట్రేలియా ఒప్పందంలో సుంకం లేకుండా ఏటా 51,000 టన్నుల పత్తి రావొచ్చు. బేలు 170 కిలోలు కాబట్టి అది 3 లక్షల బేళ్లు. ఆ అంకెను మన రాష్ట్రాల దిగుబడితో పోల్చాకే మాట్లాడండి.

ఒప్పందంలో రాసింది ఓడరేవులో అమలయ్యేది కస్టమ్స్ నోటిఫికేషన్ ద్వారానే. ఆసియాన్‌కు 46/2011, యూఏఈకి 22/2022, ఆస్ట్రేలియాకు 62/2022. ఇవి కస్టమ్స్ చట్టం సెక్షన్ 25 కింద జారీ అవుతాయి, అదే చట్టం సెక్షన్ 159 ప్రకారం వీటిని పార్లమెంటు ఉభయ సభల ముందు పెట్టాలి. ఏ తేదీన పెట్టారని ఎంపీ చేత అడిగించొచ్చు. నోటిఫికేషన్‌ను తర్వాత సవరిస్తూ ఉంటారు, అసలుది ఒక్కటే చదివితే పాత సుంకమే కనిపిస్తుంది. మీ కోడ్ వరుస ప్రింటు తీసుకుని, ప్రతి సవరణ అంకె, తేదీ దాని పక్కనే చేత్తో రాసుకుంటూ పోండి.