పిల్లల ఐసీయూకి మెషీన్ ఇవ్వాలనుకుంటున్నారా?

పుట్టినరోజుకో, పోయిన పెద్దల పేరు మీదో పిల్లల ఐసీయూకి ఏదైనా మెషీన్ ఇద్దామని చాలామంది ముందుకొస్తారు. నేను ప్రభుత్వాసుపత్రిలో పిల్లల ఐసీయూ హెడ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ డబ్బు నిజంగా పిల్లాడి మంచం దాకా చేరాలంటే ఏం చేయాలో నాకు తెలిసింది చెప్తాను.

ముందు డీలర్ దగ్గరికి వెళ్లకండి. సూపరింటెండెంట్‌ను కలవండి, ఆయన అనుమతితో పిల్లల విభాగం డాక్టర్లతో, డ్యూటీ సిస్టర్లతో మాట్లాడండి. హైదరాబాద్ నీలోఫర్ లాంటి పెద్దాసుపత్రి అవసరాలు వేరు, 28 రోజుల లోపు పసికందులను చూసే జిల్లా ఎస్‌ఎన్‌సీయూ (నవజాత శిశువుల ప్రత్యేక వార్డు) అవసరాలు వేరు. "ఏం కావాలి?" అంటే ఎవరైనా వెంటిలేటర్ అనే అంటారు. "పోయిన నెలలో ఏది లేక ఇబ్బంది పడ్డారు?" అని అడగండి. అప్పుడు అసలు విషయం బయటపడుతుంది.

చాలాసార్లు వచ్చే జవాబు సిరంజ్ పంప్, అంటే సిరంజిలోని మందును కొలత ప్రకారం నెమ్మదిగా ఎక్కించే మెషీన్. నాలుగు కిలోల బిడ్డకు బీపీ పడిపోతే ఇచ్చే మందు గంటకు ఒక ఎంఎల్, ఒక్కోసారి అంతకంటే తక్కువ వెళ్లాలి. అది చేత్తో అయ్యే పని కాదు. బీపీ మందుకొకటి, నిద్రమందుకొకటి, సెలైన్‌కొకటి, ఇలా ఒక్క బిడ్డకే మూడు నాలుగు పంపులు పడతాయి. పది మంచాల వార్డులో లెక్క వేసుకోండి. నన్నడిగితే, తక్కువ బడ్జెట్ ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని ఇవ్వదగ్గది ఇదే. అయితే వార్డులో వాడే కంపెనీ సిరంజి ఆ పంపులో సరిగ్గా పనిచేస్తుందో లేదో ముందే చూపించమనండి.

మానిటర్ ఇస్తుంటే ప్రోబ్‌ల (బిడ్డ ఒంటికి తగిలించే సెన్సర్ల) గురించి తప్పకుండా అడగండి. పెద్దవాళ్ల వేలికి పెట్టే క్లిప్పు పసిబిడ్డకు నిలవదు, పాదానికి చుట్టే రకం కావాలి. ముందు పాడయ్యేది కూడా ఆ ప్రోబ్ వైరే. ఒక కంపెనీ ప్రోబ్ ఇంకో కంపెనీ మానిటర్‌కు చాలాసార్లు పట్టదు. అందుకే వార్డులో ఇప్పటికే ఉన్న మోడలే తీసుకుని, స్పేర్ ప్రోబ్‌లు, పిల్లల సైజు బీపీ కఫ్‌లు కలిపి ఇవ్వండి.

నెలలు నిండని పిల్లలకు, ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే బబుల్ సీప్యాప్ ఎంతో మేలు చేస్తుంది. గొట్టం చివర నీళ్లలో ఐదు సెంటీమీటర్ల లోతున ఉంచితే, ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా అంత ప్రెషర్ నిలబడుతుంది. వెంటిలేటరే ఇవ్వాలంటే అందులో నియోనేటల్ మోడ్ (పసికందులకు వాడే సెట్టింగ్) ఉందా, ఆ మంచం దగ్గర ఆక్సిజన్, ఎయిర్ పాయింట్లు ఉన్నాయా, యూపీఎస్ ఉందా చూసుకోవాలి.

కొటేషన్‌లో మెషీన్ ధర ఒక్కటే చూడకండి. వారంటీ తర్వాత ఐదేళ్ల సర్వీస్ కాంట్రాక్టు, సర్క్యూట్లు (గాలి గొట్టాలు), ఫ్లో సెన్సర్ల (గాలి ప్రవాహాన్ని కొలిచేవాటి) ఖర్చు, మూడు షిఫ్టుల సిస్టర్లకూ డెమో, ఇవన్నీ రాతపూర్వకంగా తీసుకోండి. సర్వీస్ ఇంజినీర్ ఏ ఊళ్లో ఉంటాడో కూడా అడగండి. డబ్బు మొత్తం మెషీన్‌కే పెట్టకుండా కొంత విడిభాగాలకు ఆపుకోవడం మంచిది.

ఇక కాగితాలు. ఆసుపత్రి నుంచి అంగీకార లేఖ తీసుకుని, మెషీన్‌ను స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించేదాకా వదలకండి. రిజిస్టర్‌లో లేనిదాన్ని రేపు రిపేరుకు పంపడం కష్టం. వస్తువుగా ఇస్తే, 80జీ పేరుతో అందరికీ తెలిసిన విరాళాల పన్ను మినహాయింపు రాదు. మెషీన్ కొనిచ్చే ట్రస్టుకు నగదుగా 2000 రూపాయలు దాటి ఇచ్చినా రాదు కాబట్టి బ్యాంకు ద్వారానే ఇచ్చి, విరాళం సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఈ మినహాయింపు లేదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఇండియన్ పాస్‌పోర్టు ఉంటే సొంత సంపాదన బ్యాంకు ద్వారా మామూలుగా పంపొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకుంటే మాత్రం, ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళం కిందికే వస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో దానికున్న ఖాతాకే పంపాలి.

మెషీన్ మీద దాత పేరు రాయించేటప్పుడు కిందే సర్వీస్ ఫోన్ నంబరు, వారంటీ తేదీ కూడా రాయించండి. నైట్ డ్యూటీలో మెషీన్ ఆగిపోతే సిస్టర్ ఫైళ్లు వెతుక్కోకుండా వెంటనే ఫోన్ చేయగలుగుతుంది.